జ్యూస్ ఫ్యాక్టరీ టోకెన్లు, రెండు క్లౌడ్లు

మల్టీ క్లౌడ్ అనగానే మన వైపు ఇంజనీరింగ్ పిల్లలు ఊహించుకునే బొమ్మ ఒకటుంది. అప్లికేషన్ సగం అమెజాన్‌లో, సగం గూగుల్‌లో ఉంటుంది. ఒకటి పడిపోతే రెండోది రెప్పపాటులో అందుకుంటుంది. తిరుపతి కాలేజీల నుంచి నాకు మెసేజ్ పెట్టేవాళ్ళు అడిగేదీ అదే: "అక్కా, అది ఎట్ల చేసేది?" నేను చేసే పని అది కాదు. నలుగురైదుగురు ఉండే టీముకి అది అక్కర్లేదనే అంటాను. నా దగ్గరున్నది ఒక ప్రోగ్రాం, ఇద్దరు కస్టమర్లు. ఒకాయనకు ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) ఖాతా ఉంది. ఇంకొకరి పెద్దాఫీసు ఐటీ వాళ్ళు మైక్రోసాఫ్ట్ వాళ్ళ అజ్యూర్ తప్ప వేరే పేరు ఎత్తనివ్వరు. కోడ్ రెండుసార్లు రాయకుండా రెండు చోట్లా నడిపించాలి, అంతే. చిన్నవాళ్ళం ఈ మల్టీ క్లౌడ్‌లోకి వచ్చేది ఎక్కువగా ఈ దారినే. ఖాతా కస్టమర్‌ది, మనం ఎంచుకునేది కాదు.

ప్రోగ్రాం సంగతి చెప్తాను. చిత్తూరు చుట్టూ మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీలున్నాయి. ఊళ్ళో అందరం జ్యూస్ ఫ్యాక్టరీలనే అంటాం. జూన్, జూలైల్లో తోతాపురి కోతలు ఊపందుకుంటే గేటు బయట ట్రాక్టర్లు వరుస కడతాయి. రాత్రంతా రైతు ట్రాక్టర్ దగ్గరే పడుకుంటాడు, కాయ మాత్రం ఎవరి కోసమూ ఆగకుండా మెత్తబడిపోతూ ఉంటుంది. టోకెన్ ముందుగానే ఫోన్‌కి పంపడం, ఇప్పుడు ఏ నంబరు నడుస్తోందో చూపించడం, కాటా చీటీ ఫోటో తీసి దాచడం, ఇదీ మా ప్రోగ్రాం చేసే పని. పైథాన్, పోస్ట్‌గ్రెస్, వెనక మెసేజులు పంపే ఒక వర్కర్. ఏడాదిలో ఎక్కువ నెలలు దాన్ని పలకరించే నాథుడుండడు. సీజన్ వచ్చిందంటే తెల్లారకముందే ఫోన్లన్నీ దాని మీద పడతాయి. ఇట్లా ఎక్కి దిగే లోడుకి సొంత సర్వర్ కొని పెట్టుకోవడం దండగ.

ఈ ఫ్యాక్టరీల్లో గుజ్జు నింపడం చూసినవాళ్ళకు కంటైనర్ (ప్రోగ్రాంని దానికి కావలసినవాటితో కలిపి మూటగట్టి నడపడం) గురించి పెద్దగా చెప్పే పని లేదు. సూక్ష్మజీవులు చొరబడని సంచిలో గుజ్జు నింపి, సంచిని ఇనుప డ్రమ్ములో పెట్టి మూత బిగిస్తారు. ఒక్కో డ్రమ్ములో దాదాపు 215 కిలోలు. చెన్నై రేవు నుంచి అది గల్ఫ్‌కి పోయినా యూరప్‌కి పోయినా లోపలి గుజ్జు అదే, డ్రమ్ము అదే. మారేది కాగితాలు, రుసుములు, అవతల దించుకునే ఏర్పాట్లు. మల్టీ క్లౌడ్‌లో తలనొప్పంతా ఆ కాగితాల్లోనే ఉంది. ట్యుటోరియల్స్ మాత్రం డ్రమ్ము నింపడం చూపించి ఆగిపోతాయి.

డ్రమ్ము అన్ని చోట్లా సరిపోవడానికి కారణం ఉంది. కంటైనర్లు కట్టే డాకర్ 2013లో బయటికొచ్చింది. చాలా మెషీన్ల మీద కంటైనర్లను నడిపించే కుబర్నెటీస్‌ని గూగుల్ 2014లో ప్రకటించి, 2015 జూలైలో 1.0 విడుదల చేసింది. ఈ రెండిటి పేర్లూ అందరికీ తెలుసు. మధ్యలో 2015 జూన్‌లో మొదలైన ఓపెన్ కంటైనర్ ఇనీషియేటివ్ పేరు తక్కువమందికి తెలుసు. ఇమేజ్ (అట్లా కట్టిన మూట) ఎలా ఉండాలి, దాన్ని ఎలా నడపాలి అనే ప్రమాణాలు రాసింది అది. అందుకే డాకర్‌తో కట్టిన ఇమేజ్‌ని డాకరే లేని మెషీన్ కూడా నడపగలదు. 2022లో వచ్చిన కుబర్నెటీస్ 1.24లో దాన్ని డాకర్‌తో కలిపే డాకర్‌షిమ్‌ని తీసేసినప్పుడు డాకర్ పనైపోయిందని గోల లేచింది. మన ఇమేజులకు ఏమీ కాలేదు, కంటైనర్లను నడిపే ఇంకో ప్రోగ్రాం కంటైనర్‌డీ వాటిని అలాగే నడిపింది.

కాబట్టి మొదటి మెట్టు క్లౌడ్ కాదు, ఇమేజ్. ఇక్కడ కాస్త ఎక్కువసేపు నిలబడతాను, ఎందుకంటే ఇక్కడ సరిగ్గా కుదిరితే తర్వాతి పని సగం తగ్గుతుంది.

ప్రోగ్రాం ఏ పోర్టులో వినాలో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ నుంచి తీసుకోవాలి. గూగుల్ వాళ్ళ క్లౌడ్ రన్ లాంటివి పోర్ట్ అనే వేరియబుల్ ఇచ్చి అందులోనే వినమంటాయి, మామూలుగా అది 8080. వినే చిరునామా 0.0.0.0 అయ్యుండాలి. 127.0.0.1 పెడితే ప్రోగ్రాం లోపల హాయిగా నడుస్తుంటుంది, బయటినుంచి ఒక్కరూ చేరలేరు. డేటాబేస్ చిరునామా, పాస్‌వర్డ్, మెసేజ్ గేట్‌వే తాళం, ఇవేవీ ఇమేజ్‌లో ఉండకూడదు. డాకర్‌ఫైల్‌లో ఒక లైనులో కాపీ చేసి తర్వాతి లైనులో చెరిపేస్తే పోయిందనుకుంటారు కొందరు. పాత పొరలో అది అట్లే ఉంటుంది, ఇమేజ్ చేతికందినవాడు తీసి చదువుకోవచ్చు. లాగులు (ప్రోగ్రాం నడుస్తూ రాసుకునే చిట్టా) ఫైల్లో రాయకుండా స్టాండర్డ్ అవుట్‌పుట్‌కి వదిలేస్తే ఏ క్లౌడైనా వాటిని తన లాగుల సర్వీసులోకి తీసుకుంటుంది. కాటా చీటీ ఫోటోలను కంటైనర్ డిస్కులో దాచకండి. పాడ్ (కుబర్నెటీస్‌లో కంటైనర్ నడిచే గూడు) చచ్చి మళ్ళీ పుడితే అవి ఉండవు. క్లౌడ్ రన్‌లోనైతే ఆ డిస్కు నిజానికి మెమరీయే, ఫోటోలు పెరిగేకొద్దీ ర్యామ్ తింటుంది.

ఆల్పైన్ ఇమేజ్ చిన్నదని పైథాన్ వాళ్ళు కూడా దాని వెంట పడతారు. అందులో ఉండేది మజల్ లైబ్రరీ, గ్లిబ్‌సీ కాదు. కొన్ని ప్యాకేజీలకు దానికి సరిపడే వీల్ (ముందే కంపైల్ చేసిన ప్యాకేజీ) దొరకదు, అప్పుడు సోర్స్ నుంచి కంపైల్ చేసుకుంటూ కూర్చోవాలి. నేను డెబియన్ స్లిమ్‌తో, మల్టీ స్టేజ్ బిల్డ్‌తో సరిపెట్టుకుంటాను. కొన్ని మెగాబైట్లు ఎక్కువైతే అయ్యింది.

సిగ్‌టర్మ్ (ఇక ఆగిపొమ్మని చెప్పే సిగ్నల్) గురించి ఎవరూ ముందు చెప్పరు. కొత్త వెర్షన్ ఎక్కించేటప్పుడు కుబర్నెటీస్ పాత పాడ్‌కి ఆ సిగ్నల్ పంపి, మామూలుగా 30 సెకన్లు ఆగి, అప్పటికీ పోకపోతే చంపేస్తుంది. క్లౌడ్ రన్ ఇచ్చేది 10 సెకన్లే. డాకర్‌ఫైల్ చివరి కమాండ్‌ని బ్రాకెట్లు లేకుండా మామూలు వాక్యంలా రాస్తే షెల్ మొదటి ప్రాసెస్ అవుతుంది, వచ్చిన సిగ్నల్ పైథాన్ దాకా చేరకపోవచ్చు. టోకెన్ రాస్తూ ఉన్న రిక్వెస్టు మధ్యలో తెగితే నష్టపోయేది రైతు. అందుకే ఆ కమాండ్‌ని జాబితా రూపంలో రాసి, సిగ్నల్ రాగానే చేతిలో ఉన్న పని ముగించి దిగిపోయేలా ప్రోగ్రాంకి నేర్పాలి. లాగులో 137 అనే ఎగ్జిట్ కోడ్ కనబడితే బలవంతంగా చంపారని అర్థం. ఎక్కువసార్లు కారణం మెమరీ హద్దు దాటడం.

మా పిన్ని కొడుకు తిరుపతిలో బీటెక్ ఆఖరి ఏడాది, సెలవుల్లో నా దగ్గర పని నేర్చుకుంటున్నాడు. వాడి చేతిలో ఎం సిరీస్ మ్యాక్ ఉంది. ఒకరోజు ఫోన్: "అక్కా, నా ల్యాప్‌టాప్‌లో బాగానే నడస్తా ఉండాది, ఆడ పోతే ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్ అంటాది." వాడి మ్యాక్ ఆర్మ్ చిప్, అవతల సర్వర్ ఇంటెల్. ఇమేజ్ ఏ చిప్ మీద కడితే మామూలుగా ఆ చిప్‌కే పనికొస్తుంది. డాకర్ బిల్డ్‌ఎక్స్‌తో రెండు ప్లాట్‌ఫారాలకూ కలిపి ఒకే పేరు కింద కట్టొచ్చు. అది చేసుకుంటే ఇంకో లాభం కూడా ఉంది. ఏడబ్ల్యూఎస్‌లో గ్రావిటాన్ అనే ఆర్మ్ మెషీన్లు అదే స్థాయి ఇంటెల్ వాటికంటే చవక. "ముందే చెప్పుంటే నా పూట మిగిలేది గదక్కా" అన్నాడు. చెప్పుంటే వాడికి గుర్తుండేది కాదు.

ఇక గడియారం. కంటైనర్ల గడియారం మామూలుగా యూటీసీ. మనకంటే 5 గంటల 30 నిమిషాలు వెనక. ఇండియాలో అర్ధరాత్రి అయితే అక్కడ ముందురోజు సాయంత్రం 6:30. దాని లెక్కలో తేదీ మారేది మన తెల్లవారుజామున 5:30కి. ఆఫీసు సాఫ్ట్‌వేర్ అయితే ఇది ఎవరి కంటా పడకపోవచ్చు. మా ట్రాక్టర్లు 4 గంటలకే గేటు దగ్గర ఉంటాయి. ట్రయల్ రోజుల్లో కాటా దగ్గరుండే అన్న చీటీ పట్టుకుని వచ్చాడు: "మేడం, దీంట్లో నిన్నటి తేదీ పడతా ఉండాది. రైతు ఊరుకుంటాడా?" నా పద్ధతి ఇది: డేటాబేస్‌లో సమయం యూటీసీలోనే ఉంచుతాం, రోజు ఎప్పుడు మారాలన్నది మాత్రం కోడ్‌లో ఏషియా/కోల్‌కతా జోన్ పెట్టి తేలుస్తాం. టైమ్‌జోన్ డేటా ప్యాకేజీని ఇమేజ్‌లో పెట్టడం మరవకండి. రాత్రిపూట లెక్కలు తేల్చే క్రాన్‌జాబ్‌కి కుబర్నెటీస్‌లోనే టైమ్‌జోన్ రాయొచ్చు, 1.27 నుంచి ఆ సౌకర్యం స్థిరపడింది.

ఇమేజ్ కుదిరాక చాలామంది నేరుగా కుబర్నెటీస్ మీదికి దూకుతారు. నేనైతే ముందు క్లౌడ్ రన్‌లో ఎక్కించి చూడమంటాను. క్లస్టర్ (కలిసి పనిచేసే మెషీన్ల గుంపు) లేదు, నోడ్లు (ఆ మెషీన్లు) లేవు, ఎవరూ వాడకపోతే సున్నాకి దిగిపోతుంది. నా డెమో కాపీ ఇప్పటికీ అక్కడే ఉంది. అజ్యూర్‌లో అదే రకం కంటైనర్ యాప్స్. ఏడబ్ల్యూఎస్‌లో ఈసీఎస్ అనే కంటైనర్ సర్వీసుతో కలిసి వచ్చే ఫార్గేట్ సర్వర్ల గోల తప్పిస్తుంది గానీ, దాని చుట్టూ నెట్‌వర్క్ ఏర్పాట్లు ఎక్కువ. మీకు ఒకే కస్టమర్, ఒకే క్లౌడ్ అయితే ఇక్కడే ఆగిపోండి. నిజంగా చెప్తున్నా, ఆగిపోండి.

మాకు అక్కడ ఆగడం కుదరలేదు. ఈ సర్వీసులకు ఒక్కోదానికి ఒక్కో వర్ణన భాష. వెబ్, వర్కర్, రాత్రి లెక్కలు, ఈ మూడింటినీ రెండు చోట్లా రెండు రకాలుగా రాసి, రెండింటినీ ఒకే తీరున ఉంచాలంటే కోడ్ కంటే అదే పెద్ద పని. కుబర్నెటీస్‌లో ఆ వర్ణన రాసే యామల్ ఫైలు చాలావరకు ఒకటే. ఇంట్లో పాత డెస్క్‌టాప్ మీద కే3ఎస్ (తేలికపాటి కుబర్నెటీస్) వేసుకుని అక్కడే తప్పులన్నీ పడనిచ్చాం. దానికి బిల్లు రాదు, కరెంటు తప్ప. డిప్లాయ్‌మెంట్, సర్వీస్, కాన్ఫిగ్‌మ్యాప్, ప్రోబులు (పాడ్ బాగుందా అని చూసే తనిఖీలు), ఇవన్నీ అక్కడే నేర్చుకోవచ్చు. ప్రోబుల్లో ఒక్క మాట చెప్తాను. లైవ్‌నెస్ తనిఖీలో డేటాబేస్‌ని కలపకండి. డేటాబేస్ కాసేపు నెమ్మదిస్తే పాడ్లన్నీ చచ్చిపోయాయనుకుని కుబర్నెటీస్ వాటిని మళ్ళీ మళ్ళీ లేపుతుంది. లేపే ప్రతిసారీ మధ్యలో ఆగే సమయం రెట్టింపవుతూ ఐదు నిమిషాల దాకా పోతుంది. అంతలో గేటు దగ్గర హారన్లు మొదలవుతాయి.

ఇప్పుడు కాగితాల సంగతి. యామల్ చాలావరకు ఒకటే అన్నాను, ఆ మిగతాది ఇక్కడుంది.

సర్వీస్‌కి లోడ్‌బ్యాలెన్సర్ అని రాస్తే రెండు క్లౌడ్లూ ఒకటి కట్టిస్తాయి. ఏడబ్ల్యూఎస్ చేతికిచ్చేది పొడవాటి హోస్ట్‌పేరు, అజ్యూర్ ఇచ్చేది ఐపీ నంబరు. డీఎన్‌ఎస్‌లో ఒకదానికి సీనేమ్ (పేరు నుంచి ఇంకో పేరుకి దారి), ఇంకోదానికి 'ఏ' అనే రికార్డు (పేరు నుంచి ఐపీకి దారి). ఫ్యాక్టరీ డొమైన్ మొదలుకే, ముందు ఏ పేరూ లేకుండా, సీనేమ్ పెట్టడం కుదరదు కాబట్టి టోకెన్ అనే సబ్‌డొమైన్ తీసుకుంటే రెండు చోట్లా గొడవ తప్పుతుంది. లోపలికొచ్చే దారి కోసం చాలామంది ఇంగ్రెస్ ఎన్‌జింక్స్ వాడుతూ వచ్చారు. దాన్ని 2026 మార్చితో ఆపేస్తామని 2025 నవంబరులో కుబర్నెటీస్ వాళ్ళే ప్రకటించారు. పాత వీడియోలన్నీ దాంతోనే చెప్తాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు గేట్‌వే ఏపీఐ వైపు పోవడం మేలు.

డిస్కుల్లోనూ తేడా ఉంది. ఏకేఎస్‌లో (అజ్యూర్ నడిపిపెట్టే కుబర్నెటీస్) డిస్కు డ్రైవర్ వచ్చేసి ఉంటుంది. మామూలు ఈకేఎస్‌లో (ఏడబ్ల్యూఎస్‌ది) ఈబీఎస్ అనే డిస్కు డ్రైవర్‌ని మనమే యాడ్‌ఆన్‌గా వేసి, దానికి అనుమతులిచ్చుకోవాలి, లేకపోతే పాడ్ పెండింగ్‌లో అట్లే కూర్చుంటుంది. దీనికి నా మందు ఒకటే: క్లస్టర్ లోపల డిస్కు అవసరమయ్యేది ఏదీ పెట్టను. డేటాబేస్ బయట, ఫోటోలు బయట. అప్పుడు క్లస్టర్ మొత్తం కూల్చేసినా పోయేదేమీ ఉండదు.

ఫోటోలు బయట అన్నాను కదా, అక్కడా ఒక మెలిక. అమెజాన్ ఫైళ్ళు దాచే సర్వీసు ఎస్3 మాట్లాడే భాషని చాలామంది అనుకరించారు, గూగుల్ స్టోరేజ్ కూడా దానికి బదులిస్తుంది. అజ్యూర్ బ్లాబ్ నేరుగా ఇవ్వదు. కోడ్‌లో దాచు, తీయి, లింకు ఇవ్వు అని మూడు ఫంక్షన్లతో సన్నటి పొర రాసి, వెనక ఏది నడవాలో ఎన్విరాన్‌మెంట్‌తో చెప్పడం నాకు కుదిరింది. ఇంతకంటే పెద్ద పొర కట్టకండి. అన్ని క్లౌడ్లనూ దాచేసే మహా లైబ్రరీ రాస్తామని మొదలుపెట్టేవాళ్ళు ఆఖరికి ఆ లైబ్రరీకే కాపలా కాస్తుంటారు.

అన్నిటికంటే చిక్కు గుర్తింపులది. పాడ్ స్టోరేజ్‌ని ముట్టుకోవాలంటే అది ఎవరో రుజువు చేసుకోవాలి. తాళం తీసుకొచ్చి సీక్రెట్‌లో పెట్టేయడం సులువు. అయితే కుబర్నెటీస్ సీక్రెట్‌లో ఉండేది మామూలుగా బేస్64 రాత మాత్రమే, అదేం రహస్యలిపి కాదు. రెండు క్లౌడ్లలోనూ మంచి దారి ఉంది, వెనకున్న ఆలోచనా ఒకటే: పాడ్ సర్వీస్ అకౌంట్‌కి క్లస్టర్ ఇచ్చే గుర్తింపు టోకెన్‌ని (రైతు టోకెన్ కాదు) చూపించి, బదులుగా క్లౌడ్ దగ్గర కాసేపు చెల్లే అనుమతి తీసుకోవడం. అజ్యూర్‌లో దాన్ని వర్క్‌లోడ్ ఐడెంటిటీ అంటారు. ఏడబ్ల్యూఎస్‌లో సర్వీస్ అకౌంట్‌కి ఐఏఎం రోల్ కడతారు. ఏర్పాటు పద్ధతి, రాసే అనోటేషన్లు మాత్రం పూర్తిగా వేరు. ఈ ఒక్క భాగానికి తీరిగ్గా ఒక ఆదివారం పెట్టుకోండి.

ఇన్ని తేడాలనూ ఎక్కడ పెట్టాలి? కస్టమైజ్ అనే యామల్ పనిముట్టుతో ఒక మూల ఫోల్డర్, దాని పక్కన క్లౌడ్‌కొక తేడాల ఫోల్డర్. మూలంలో ఒక్క క్లౌడ్ పేరు కూడా కనబడకూడదన్నది మా ఇంటి చట్టం. క్లస్టర్, నెట్‌వర్క్, డేటాబేస్ కట్టడానికి ఓపెన్‌టోఫు. అదే పని చేసే టెర్రాఫామ్ లైసెన్సును 2023 ఆగస్టులో మార్చినప్పుడు దాని నుంచి చీలి లినక్స్ ఫౌండేషన్ కిందికి వచ్చింది అది. కమాండ్లు దాదాపు అవే కాబట్టి పాత పాఠాలు పనికొస్తాయి. టెర్రాఫామ్ వాడితే రెండు క్లౌడ్లకీ ఒకే కోడ్ సరిపోతుందని కొందరు అనుకుంటారు. సరిపోదు. భాష ఒకటి, రాసేది రెండుసార్లు.

రెండు క్లస్టర్లు వచ్చాక వాటిని ఒకే కిటికీలోంచి చూడాలనిపిస్తుంది. అక్కడ మేం పెట్టుకున్నది రాంచర్, 2020లో సూసే కొనుక్కున్న కంపెనీది, ఓపెన్ సోర్స్. నేర్చుకోవడానికి ఒక్క డాకర్ కంటైనర్‌గా లేపి చూడొచ్చు. నిజం పనికి దాన్ని కూడా ఒక చిన్న క్లస్టర్ మీద హెల్మ్ అనే ఇన్‌స్టాలర్‌తో వేయమంటారు వాళ్ళే. క్లస్టర్‌ని చేర్చడం చాలా తేలిక. అది ఇచ్చిన కమాండ్‌ని అవతలి క్లస్టర్‌లో నడిపితే ఒక ఏజెంట్ పాడ్ లేచి, తానే బయటికొచ్చి రాంచర్‌ని పలకరిస్తుంది. లోపలికి ఏ పోర్టూ తెరవక్కర్లేదు. పెద్దాఫీసు ఐటీ వాళ్ళు ఒప్పుకున్నది ఈ ఒక్క మాట మీదే. దాంతోపాటు వచ్చే ఫ్లీట్ గిట్‌ని చూస్తూ ఉంటుంది, మార్పు కనబడితే ఏ లేబుల్ ఉన్న క్లస్టర్‌కి ఏ తేడా కలపాలో చూసి ఎక్కిస్తుంది. రాంచర్ మెషీన్ ఆగిపోయినా క్లస్టర్లలో టోకెన్లు ఆగవు. పెత్తనం చేసేది పోయినా పని చేసేవి ఉంటాయి. అయితే ఒకే క్లస్టర్ ఉన్నవాళ్ళకు ఇది బరువే. క్యూబ్‌సీటీఎల్ కమాండ్‌తో కాంటెక్స్ట్ మార్చుకుంటే చాలు.

ఇమేజులు దాచే రిజిస్ట్రీ గురించి రెండే ముక్కలు. లేటెస్ట్ అనే ట్యాగ్‌తో ఎక్కించకండి, కమిట్ నంబరు పెట్టండి. బేస్ ఇమేజుల్ని డాకర్ హబ్ నుంచి నేరుగా లాగుతూ ఉంటే, 2020 నవంబరు నుంచి అక్కడ పరిమితి ఉందని గుర్తుంచుకోండి. నోడ్లన్నీ ఒకే నాట్ ఐపీ (బయటికి అందరూ వాడే ఉమ్మడి చిరునామా) వెనక ఉంటే ఆ పరిమితి అందరిదీ కలిపి లెక్కపడుతుంది.

డేటాబేస్‌ని రెండు క్లౌడ్లకూ పరచాలన్న ఆలోచన రానే వద్దు. ఒక ఫ్యాక్టరీ లెక్కలు ఇంకో ఫ్యాక్టరీకి అక్కర్లేదు. ఎవరిది వాళ్ళ ఖాతాలో, వాళ్ళ పోస్ట్‌గ్రెస్‌లో. ఏడబ్ల్యూఎస్ నడిపిపెట్టే డేటాబేస్ ఆర్‌డీఎస్, అజ్యూర్‌ది ఫ్లెక్సిబుల్ సర్వర్, రెండిట్లోనూ మనకు అసలు సూపర్‌యూజర్ హక్కు రాదు. అజ్యూర్‌లో ఎక్స్‌టెన్షన్‌ని ముందు అనుమతి జాబితాలో చేర్చాకే క్రియేట్ చేయనిస్తుంది, మైగ్రేషన్ మధ్యలో ఆగిపోతే ముందు అక్కడ చూడండి. క్లౌడ్ దాటి పోయేది మా దగ్గర ఒక్కటే ఉంది. రాత్రి తీసే డంపు, గుప్తలిపిలో, మూడో చోటున్న బకెట్‌లోకి, అదీ ఓనర్లు రాతపూర్వకంగా ఒప్పుకున్నాక. నా లెక్కలో చిన్నవాళ్ళకు మల్టీ క్లౌడ్ అసలు విలువ అక్కడుంది. ఒక ఖాతా రేపు ఏ కారణంతో ఆగిపోయినా ఇంకో చోట లేవగలగాలి. సీజన్ మొదలయ్యే ముందు అజ్యూర్ వాడే ఫ్యాక్టరీ ప్రోగ్రాంని ఉత్తుత్తి లెక్కలతో కే3ఎస్ మీద లేపి చూసుకుంటాం.

రీజియన్ (క్లౌడ్ డేటాసెంటర్లుండే చోటు) విషయంలో చిత్తూరు వాళ్ళకు ఒక ఆశ కలుగుతుంది. అజ్యూర్ సౌత్ ఇండియా చెన్నైలో ఉంది, పక్క ఊరే కదా అని. పుణెలోని సెంట్రల్ ఇండియాలో అవైలబిలిటీ జోన్లున్నాయి (ఒకటి పడినా ఇంకోటి నిలిచేలా విడిగా కట్టిన డేటాసెంటర్లు), చెన్నైలో లేవు. అందుకని పుణె. ఏడబ్ల్యూఎస్ ముంబైకి 2016లో, హైదరాబాద్‌కి 2022 నవంబరులో వచ్చింది. హైదరాబాద్‌లో కావలసిన సర్వీసులన్నీ ఉన్నాయో లేదో జాబితా చూసుకుని దిగండి. ముంబై అయినా పుణె అయినా రైతు ఫోన్‌కి ఆ తేడా తెలియదు. తోటలో సిగ్నల్ దొరకడానికే ఎక్కువసేపు పడుతుంది.

డబ్బుల దగ్గరికొద్దాం. ఈకేఎస్‌లో కంట్రోల్ ప్లేన్‌కి (క్లస్టర్ మీద పెత్తనం చేసే భాగం) గంటకు 10 సెంట్లు, నెలకు దాదాపు 73 డాలర్లు, లోపల ఒక్క పాడ్ నడవకపోయినా సరే. గూగుల్ వాళ్ళ జీకేఈలోనూ అదే రేటు, కాకపోతే ఒక్కో బిల్లింగ్ ఖాతాకి ఒక జోనల్ లేదా ఆటోపైలట్ క్లస్టర్‌కి సరిపడా మాఫీ ఉంది. ఏకేఎస్‌లో ఫ్రీ టైర్ ఉంది, దానికి హామీ ఒప్పందం ఉండదు. నోడ్లకు, లోడ్‌బ్యాలెన్సర్లకు, నాట్ గేట్‌వేకి విడిగా. 2024 ఫిబ్రవరి నుంచి ఏడబ్ల్యూఎస్ ప్రతి పబ్లిక్ ఐపీవీ4కి గంటకు అర సెంటు తీసుకుంటోంది. బయటికి పోయే డేటా నెలకు 100 జీబీ దాకా ఉచితం, ఆ పైన ముంబై నుంచి జీబీకి దాదాపు 11 సెంట్లు. మా చీటీ ఫోటోలు చిన్నవి, ఆ గీత ఎప్పుడూ దాటవు. వీడియోలతో పని ఉన్నవాళ్ళు ముందు ఈ లెక్కే వేసుకోవాలి. డేటా అంతా తీసుకుని వేరే చోటికి వెళ్ళిపోయేవాళ్ళకు ఈ ఛార్జీ మాఫీ చేస్తామని 2024 మొదట్లో గూగుల్, ఆ వెంటనే మిగతా ఇద్దరూ ప్రకటించారు. రోజూ అటూ ఇటూ తిప్పేవాళ్ళకు అది వర్తించదు. వీటన్నిటి పైన 18 శాతం జీఎస్టీ.

సీజనల్ పని చేసేవాళ్ళకు ఇంకో ఉచ్చు ఉంది. కుబర్నెటీస్ వెర్షన్లు ఏడాదికి సుమారు మూడు వస్తాయి. ఈకేఎస్ ఒక్కో వెర్షన్‌ని మామూలు రేటుకి 14 నెలలు చూసుకుంటుంది. ఆ తర్వాత ఎక్స్‌టెండెడ్ సపోర్ట్ అని గంటకు 60 సెంట్లు. అంటే 73 డాలర్లు కాస్తా 438 అవుతాయి. పోయిన జూన్‌లో కట్టి, ఈ జూన్ గడిచి, అట్లే వదిలేసిన క్లస్టర్‌కి పట్టే గతి అదే.

కార్డు విషయం కూడా మనకే ప్రత్యేకం. రిజర్వ్ బ్యాంకు 2021 అక్టోబరు నుంచి ఆటోమేటిక్ చెల్లింపులకు పెట్టిన నియమాల ప్రకారం, 2022 జూన్ సవరణ తర్వాత 15 వేల రూపాయలు దాటితే ఓటీపీ కావాలి. సీజన్ ఊపులో బిల్లు ఆ గీత దాటుతుంది, ఓటీపీ ఓనర్ ఫోన్‌కి పోతుంది, ఆయన ఆ టైములో కాయ కొనే ర్యాంపు దగ్గర రేటు బేరంలో ఉంటాడు. బడ్జెట్ అలర్టుని ఖాతా తెరిచిన మొదటి రోజే పెట్టండి. మెయిల్‌తో పాటు అకౌంటెంట్ నంబరు కూడా ఇవ్వండి.

కాయ అయిపోయాక క్లస్టర్‌ని కూల్చేస్తాం. ఇక్కడ వరుస ముఖ్యం. లోడ్‌బ్యాలెన్సర్లని కట్టింది కుబర్నెటీస్, ఓపెన్‌టోఫు కాదు. కాబట్టి వాటి సంగతి ఓపెన్‌టోఫుకి తెలియదు. ముందు క్లస్టర్‌లోని సర్వీసుల్ని తీసేసి, లోడ్‌బ్యాలెన్సర్లు మాయమయ్యాయని కళ్ళారా చూసి, అప్పుడు డెస్ట్రాయ్ నడపాలి. తిరగేసి చేస్తే నెట్‌వర్క్ తీసేటప్పుడు ఇంకా ఎవరో వాడుతున్నారని మొరాయిస్తుంది, పైగా అనాథగా మిగిలిన లోడ్‌బ్యాలెన్సర్‌కి మీటరు తిరుగుతూనే ఉంటుంది.

ఆగస్టు బిల్లు చూసి ఫ్యాక్టరీ పెద్దాయన ఫోన్ చేశాడు. "ఏమ్మా, కాయలైపోయి ఎన్నాళ్ళాయె, ఇంకా అమెజానోడికి లెక్క కట్టేదేంది?" చూస్తే నాట్ గేట్‌వే పోయింది గానీ దానికిచ్చిన ఎలాస్టిక్ ఐపీ మిగిలుంది, ఆర్‌డీఎస్ ఆఖరి స్నాప్‌షాట్ ఉంది, బ్యాకప్ బకెట్ ఉంది. ఐపీని అప్పటికప్పుడు వదిలేశాను. స్నాప్‌షాట్, బకెట్ రెండూ ఆడిటర్ వచ్చి కాటా లెక్కలు చూసుకునేదాకా ఉంచమన్నాడాయన, "ఎంతవతాది?" అని అడిగి మరీ.